పంపకాల ధర్మాసనం: పాకాల వెంకట రాజమన్నారు

రాజమహేంద్రవరానికి ఉత్తరాన కోరుకొండ ఉన్నది. లక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండగా భక్తులు దానిని ఎరుగుదురు. మంచికొండ ముమ్మడి నాయకుడు ఏలిన చోటుగా చరిత్రకారులు ఎరుగుదురు. భూగోళం చెప్పే ఉపాధ్యాయునికి మాత్రం ఆ ఊరు మరొక పాఠానికి పనికివస్తుంది. కోరుకొండకు దక్షిణాన రాజమహేంద్రవరం, దానికి దిగువన 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. కాలువలన్నీ ఆనకట్ట నుండి పల్లానికి, సముద్రం వైపు సాగిపోయినవి. నీరు మెట్టకు ఎక్కదు కదా! అందుచేత గోదావరికి దగ్గరనే ఉండి కూడా కోరుకొండ ప్రాంతపు రైతు తరతరాలుగా చెరువును, వానను నమ్ముకొని బ్రతికాడు. ఇంకా ఉత్తరానికి పోతే మన్యం మొదలవుతుంది. మాగాణి, మెట్ట, మన్యం మూడూ నాడు ఒకే జిల్లాలో ఉండేవి. శిస్తు మాత్రం ఒకే ఖజానాకు చేరేది.

ఎక్కువ చెల్లించినవానికి ఎక్కువ ముట్టవలెనా, ఎక్కువ లేమి ఉన్నవానికి ఎక్కువ ముట్టవలెనా అన్నది ఊరి రచ్చబండ దగ్గర కూడా తేలని తగవు. అదే తగవు దేశమంతటికీ విస్తరించి, సంపన్న రాష్ట్రాలు ఒక వైపు, వెనుకబడిన రాష్ట్రాలు మరొక వైపు నిలిచినప్పుడు, రెండు పక్షాల వాదనలూ విని తీర్పు చెప్పవలసిన బాధ్యత 1964లో ఒక తెలుగువాని మీద పడింది. ఆయన పాకాల వెంకట రాజమన్నారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పదమూడేళ్ళు ధర్మాసనం మీద కూర్చున్న మనిషి. తెలుగు సాహిత్యంలో నాటకకర్తగానే ఆయనను గుర్తుంచుకొన్నవారు ఎక్కువ. పన్నుల పంపకానికీ ఆయనకూ గల సంబంధం ఎరిగినవారు తక్కువ.

రాజమన్నారు 1901 మే 24న జన్మించారు. తండ్రి పాకాల వెంకటరమణారావు నాయుడు మద్రాసులో పేరుమోసిన న్యాయవాది, తరువాత అదే హైకోర్టులో న్యాయమూర్తి. న్యాయశాస్త్ర గ్రంథాల మధ్య పెరిగిన బాలుడు న్యాయవాది కావడంలో వింతలేదు. వింత ఏమంటే, ఆ వృత్తిలో స్థిరపడుతున్న దినాలలోనే ఆయన మనస్సు రంగస్థలం మీదికి పోవడం. పద్యాలతో, రాగాలతో, పౌరాణిక వేషాలతో నిండిన నాటి తెలుగు నాటకం నడుమ ఆయన ఇంటిలోని మాటలతో, ఇంటిలోని మనుషులతో నాటకాలు వ్రాశారు. 1930 ప్రాంతంలో వెలువడిన ‘తప్పెవరిది’ నాటకాన్ని బళ్ళారి రాఘవ రంగస్థలం మీద ప్రదర్శించారు. ‘ఏమి మగవాళ్ళు’ వంటి ఏకాంకికలు ఆ తరువాత చదువుకొన్నవారి నోళ్ళలో నలిగినవి. ఈ నాటకాలలో దుర్మార్గుడొకడు, సన్మార్గుడొకడు అన్న విభజన లేదు. భార్యకు తన న్యాయం ఉంటుంది, భర్తకు తన న్యాయం ఉంటుంది; ప్రేక్షకుడు ఇంటికి వెళ్ళే దారిలో కూడా తగవును తనలో తాను తేల్చుకొంటూ ఉండాలి. రెండు వైపులా న్యాయమున్న వివాదాన్ని పరిష్కరించడానికి అటువంటి అలవాటు ఎంత అవసరమో తరువాత ఆయన చేసిన పని చూస్తే తెలుస్తుంది.

రాజమహేంద్రవరంతో ఆయనకు చుట్టరికం కూడా ఉన్నది. ఆ పట్టణంలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు రాజమన్నారు సోదరిని వివాహమాడారు. వెంకటరమణారావుగారు న్యాయమూర్తి పదవికి వెళ్ళిన తరువాత బావ, బావమరది కలిసి మద్రాసులో వకాలతు సాగించారు. రాజమన్నారు 1944లో మద్రాసు అడ్వొకేట్ జనరల్ అయ్యారు, 1945లో న్యాయమూర్తి, 1948లో ప్రధాన న్యాయమూర్తి. ఆ హైకోర్టుకు శాశ్వత ప్రధాన న్యాయమూర్తిగా నియమితుడైన మొదటి భారతీయుడు ఆయనే. సుబ్బారావు కూడా 1948లోనే అక్కడ న్యాయమూర్తి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, మరుసటి సంవత్సరం జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు నెలకొన్నప్పుడు, దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. బావ గుంటూరు వెళ్ళగా బావమరది మద్రాసులో నిలిచారు. ఒకే కుటుంబంలోని ఇద్దరు ఒకే సమయంలో రెండు హైకోర్టులకు అధిపతులు కావడం అరుదైన విషయమే.

రాజమన్నారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న కాలంలోనే ఆయన హైకోర్టు ఎల్లలు కుంచించుకు పోయినవి. ముందు తెలుగు జిల్లాలు విడిపోయినవి; 1956లో మలబారు కేరళకు, దక్షిణ కన్నడం మైసూరుకు పోయినవి. ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు అప్పులు ఎవరివి, ఆస్తులు ఎవరివి, ఇల్లు ఎవరికి అన్న ప్రశ్నలు ఎంత చేదుగా ఉంటాయో ఆ సంవత్సరాలలో మద్రాసులో నివసించిన ప్రతి తెలుగువాడూ చూశాడు. కొత్త ఆంధ్రరాష్ట్రానికి రాబడి చాలదని, లోటు తప్పదని జస్టిస్ వాంఛూ తన నివేదికలో ముందుగానే లెక్కకట్టారు. రాజధానికి కర్నూలులో డేరాలు వేసుకొన్న రాష్ట్రమది.

ఇక్కడ కథను కొంచెం వెనుకకు తీసుకుపోవడం అవసరం. పంపకాల తగవు స్వాతంత్ర్యంతో పుట్టినది కాదు. 1919 నాటి సంస్కరణలలో భూమిశిస్తు రాష్ట్రాలకు, ఆదాయపు పన్ను కేంద్రానికి అని విభజించారు. ఆ విభజనవల్ల కేంద్రానికి వచ్చే లోటును రాష్ట్రాలు భరించాలన్నారు. ఎవరు ఎంత భరించాలో నిర్ణయించడానికి 1920లో మెస్టన్ ప్రభువు అధ్యక్షతన ఒక సంఘం కూర్చున్నది. మొత్తం 983 లక్షల రూపాయలలో మద్రాసు రాష్ట్రం మీద పడినది 348 లక్షలు. బొంబాయి మీద పడినది 56 లక్షలే, వంగరాష్ట్రం మీద 63 లక్షలు. మద్రాసు అంత సంపన్నమైనదా? కాదు. మద్రాసు వ్యవసాయ రాష్ట్రం. దాని రాబడిలో భూమిశిస్తు పెద్దది. ఆ శిస్తు ఇప్పుడు రాష్ట్రానికే మిగులుతున్నది గనుక లాభపడినవాడే ఎక్కువ చెల్లించాలన్నది సంఘం వాదం. గోదావరి, కృష్ణా, కావేరీ డెల్టాలలో రైతు చెల్లించిన శిస్తు ఆ లెక్కలో చేరి ఉన్నదన్న మాట. మరి బొంబాయి సంతోషించిందా అంటే అదీ లేదు. మిల్లులవల్ల, వర్తకంవల్ల తన నగరంలో వసూలయ్యే ఆదాయపు పన్ను అంతా కేంద్రం తీసుకుపోయిందని బొంబాయి అంతకంటె గట్టిగా మొరపెట్టుకొన్నది. కొన్నేళ్ళకు ఆ చందాలు రద్దయినవి గాని తగవు రద్దు కాలేదు.

1936లో ఆటో నీమెయర్ అనే ఆర్థికవేత్త వచ్చి ఆదాయపు పన్నులో సగం రాష్ట్రాలకు పంచవలెనన్నాడు. ఆ భాగంలో బొంబాయికి నూటికి 20, వంగకు 20, మద్రాసుకు 15, కొత్తగా ఏర్పడిన ఒరిస్సాకు 2 పాళ్ళు. పన్ను ఎక్కువ వసూలయ్యే చోటికి ఎక్కువ అన్న సూత్రమూ, జనం ఎక్కువ ఉన్న చోటికి ఎక్కువ అన్న సూత్రమూ ఈ అంకెలలో కలిసి కూర్చున్నవి. ఏ పాలు ఎందుకో సామాన్యునికి అంతుపట్టేది కాదు.

స్వతంత్ర భారత రాజ్యాంగం ఈ పనిని ఒక అధికారి ఇష్టానికి విడిచిపెట్టలేదు. అయిదేళ్ళకొకసారి రాష్ట్రపతి ఫైనాన్సు కమిషన్‌ను నియమించాలని 280వ అధికరణంలో శాసించింది. మొదటి కమిషన్‌కు కె. సి. నియోగీ, రెండవదానికి కె. సంతానం, మూడవదానికి ఎ. కె. చందా అధ్యక్షులు. ఆదాయపు పన్నులో రాష్ట్రాలకిచ్చే భాగం మొదటి కమిషన్ నాటికి నూటికి 55 పాళ్ళు, తరువాత 60, ఆ తరువాత మూడింట రెండు వంతులు అయింది. పొగాకు, అగ్గిపెట్టెలు, వనస్పతి అనే మూడు సరుకులపై వసూలయ్యే ఎక్సయిజు సుంకంలో కూడా వాటా ఇవ్వాలని మొదటి కమిషన్ చెప్పింది. గోదావరి లంకలలో పండిన పొగాకు పేరు ఢిల్లీ పంపకాల పట్టికలోకి ఎక్కినది అప్పుడే. సుంకం ఏ ఊరిలో వసూలైనా సరే, ఆ భాగాన్ని రాష్ట్రాల మధ్య జనసంఖ్యను బట్టి పంచారు.

రాజమన్నారు 1961లో ప్రధాన న్యాయమూర్తి పదవినుండి విశ్రమించారు. అంతకుముందు 1957–58లో కొన్ని నెలలు మద్రాసు తాత్కాలిక గవర్నరుగా కూడా ఉన్నారు. 1953లో సంగీత నాటక అకాడమీ నెలకొన్నప్పుడు దాని మొదటి అధ్యక్షులు కూడా ఆయనే. న్యాయం, కళ ఈ రెండింటితో ఆయన జీవితం సుఖంగా ముగిసిపోవచ్చును. కాని 1964 మే నెలలో నాల్గవ ఫైనాన్సు కమిషన్‌కు ఆయనను అధ్యక్షులుగా నియమించారు. అర్థశాస్త్రం ఆయన వృత్తి కాదు. భవతోష్ దత్తా వంటి అర్థశాస్త్రవేత్తలు సభ్యులుగా ఉన్నారు. న్యాయమూర్తి అయిన అధ్యక్షునినుండి కమిషన్‌కు కావలసినది సాక్ష్యాన్ని తూచే తక్కెడ.

ఆ తక్కెడ ముందుకు వచ్చిన వాదాలు ఎటువంటివో చూడాలి. మహారాష్ట్ర, పశ్చిమ వంగ రాష్ట్రాల వాదం ఇది. పన్ను తమ నగరాలలో వసూలవుతున్నది. ఆ నగరాలను పోషించడానికి రోడ్లు, నీరు, పోలీసు, ఇండ్లు అన్నీ తామే సమకూర్చాలి. తమ చోట పుట్టిన పన్నులో తమకు గణనీయమైన భాగం రాకపోతే ఆ నగరాలు ఎట్లా నిలుస్తాయి? దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. కంపెనీ ప్రధాన కార్యాలయం బొంబాయిలోనో కలకత్తాలోనో ఉన్నంత మాత్రాన లాభమంతా అక్కడే పుట్టిందని చెప్పడానికి వీలులేదు. సరుకు కొన్నవాడు, ముడిపదార్థం పండించినవాడు దేశమంతటా ఉన్నారు. లంకలో పొగాకు పండించిన రైతుకూ, చుట్ట కాల్చే కూలికీ ఆ లాభంతో సంబంధం లేదనడం ఎట్లా? ఇంతకూ వెనుకబడిన రాష్ట్రం వెనుకబడి ఉండటానికి కారణమే అక్కడ పన్ను పుట్టకపోవడం. పన్ను పుట్టిన చోటికే పన్ను పంపితే అంతరం ఎప్పటికి తీరుతుంది?

కమిషన్ 1965 ఆగస్టులో నివేదిక సమర్పించింది. ఆదాయపు పన్నులో రాష్ట్రాల భాగాన్ని నూటికి 75 పాళ్ళకు పెంచింది. ఆ భాగాన్ని పంచడంలో 80 పాళ్ళకు జనసంఖ్య, 20 పాళ్ళకు వసూలు ఆధారం కావాలన్నది. మొదటి కమిషన్ పెట్టినదీ ఇదే నిష్పత్తి. రెండవ కమిషన్ దానిని 90, 10గా మార్చింది. మూడవది తిరిగి 80, 20 చేసింది. ఇట్లా ప్రతి కమిషనూ సూత్రాన్ని మారుస్తూ పోతే రాష్ట్రాలు తమ రాబడిని నమ్ముకొని ఏ పనీ తలపెట్టలేవు. ఈ విషయంలో నిలకడ, నిశ్చయం ఉండాలని కమిషన్ భావించింది. న్యాయస్థానంలో పూర్వ తీర్పులకు ఉండే గౌరవం ఈ ఆలోచనలో కనిపిస్తుంది. అయిదవ కమిషన్ మళ్ళీ 90, 10కి పోయింది గనుక ఆ నిలకడ ఎంతోకాలం నిలవలేదు. అది వేరు సంగతి.

ఎక్సయిజు సుంకాల విషయంలో మాత్రం నాల్గవ కమిషన్ సాహసించింది. మూడవ కమిషన్ 35 సరుకుల సుంకాన్ని పంపకంలోకి తెచ్చి ఉన్నది. నాల్గవ కమిషన్ ఒకటి రెండు తరగతుల ప్రత్యేక సుంకాలు మినహా అన్ని సరుకుల సుంకంలోనూ నూటికి 20 పాళ్ళు రాష్ట్రాలకు రావాలన్నది. ఈ సరుకుకు వాటా ఉన్నది, ఆ సరుకుకు లేదు అన్న తకరారు దానితో తీరింది. ఆ మొత్తాన్ని 80 పాళ్ళు జనసంఖ్యను బట్టి, తక్కిన 20 పాళ్ళు ఆర్థికంగా, సాంఘికంగా వెనుకబడిన తనాన్ని బట్టి పంచాలన్నది.

వెనుకబడిన తనాన్ని కొలవడం ఎట్లాగ? ఇది ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించదగిన ఘట్టం. కమిషన్ ఏడు గుర్తులు తీసుకొన్నది. తలకు వచ్చే పంట విలువ, తలకు వచ్చే పరిశ్రమల ఉత్పత్తి విలువ, జనంలో పనిచేసేవారి పాలు, ఒక్కొక్క ఆసుపత్రి మంచానికి ఎంతమంది జనమన్న లెక్క, పల్లెవాసుల పాలు, షెడ్యూల్డు కులాల, తెగల పాలు. వీటితోపాటు, ఆరు మొదలు పదకొండేళ్ళ వయస్సుగల పిల్లలలో ఒకటవ తరగతి నుండి అయిదవ తరగతి వరకు బడిలో చేరినవారు నూటికి ఎందరు అన్నది మరొక గుర్తు. కోరుకొండ వంటి ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు ఏటా కూర్చే చేరిక లెక్క తాలూకాకు, జిల్లాకు, రాష్ట్రానికి ఎక్కి, ఆఖరుకు దేశపు సుంకంలో తన రాష్ట్రానికి ఎన్ని పాళ్ళు అన్న నిర్ణయంలో ఒక రేణువై నిలిచింది. బడికి రాని పిల్లవాడు రాష్ట్రానికి అవమానమే అయినా, ఆ లోటు తీర్చుకోవడానికి అవసరమైన ధనంలో ఒక పైసా అతని పేరిట వచ్చేది.

ఫలితం అంకెలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆదాయపు పన్నులో మహారాష్ట్రకు నూటికి 14.28 పాళ్ళు, ఎక్సయిజులో 8.23 మాత్రమే. పశ్చిమ వంగకు ఆదాయపు పన్నులో 10.91, ఎక్సయిజులో 7.51. అదే ఒరిస్సాకు ఆదాయపు పన్నులో 3.40 అయితే, ఎక్సయిజులో 4.82. ఆంధ్రప్రదేశ్ నడుమ నిలిచింది: ఆదాయపు పన్నులో 7.37, ఎక్సయిజులో 7.77. రెండు సూత్రాలను ఒకే పన్నులో కలిపి ఎవరికీ అర్థంకాని ముద్ద చేయకుండా, ఒక పన్నులో వసూలుకు కొంత చోటు, మరొక పన్నులో లేమికి కొంత చోటు ఇచ్చి, ప్రతి పక్షానికీ తన వాదం ఎక్కడ నెగ్గిందో చూపగలగడం ఈ ఏర్పాటులోని సుగుణం.

లోపాలు లేవని కాదు. ఇట్లా వాటాలు పంచిన తరువాత కూడా రాబడికి, ఖర్చుకు మధ్య లోటు మిగిలే రాష్ట్రాలకు 275వ అధికరణం క్రింద గ్రాంటులు ఇవ్వాలి. పదహారు రాష్ట్రాలలో పది రాష్ట్రాలకు ఆ గ్రాంటు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. రాని ఆరింటిలో మహారాష్ట్ర, గుజరాత్, పంజాబు, పశ్చిమ వంగ ఉండటం సహజమే. కాని వాటితోపాటు బీహారు, ఉత్తరప్రదేశ్ కూడా ఉన్నవి! బీహారుకు గ్రాంటు అక్కరలేనంత కలిమి ఎక్కడిది? కలిమి కాదు, ఖర్చే తక్కువ. తగినన్ని బడులు, ఆసుపత్రులు లేని రాష్ట్రానికి వాటి ఖర్చు కూడా లేదు. ఖర్చు లేదు గనుక లోటు లేదు. లోటు లేదు గనుక గ్రాంటు లేదు. ఇంటిలో అన్నం వండుకోనివానికి బియ్యం అప్పు అవసరం లేదని తేల్చినట్లు అయింది. ఈ దోషం ఈ ఒక్క కమిషన్‌ది కాదు. లోటును చూసి గ్రాంటు ఇచ్చే పద్ధతిలోనే అది ఉన్నది. తరువాతి కమిషన్లను కూడా చాలాకాలం వేధించింది.

కోరుకొండ మెట్టకు సంబంధించిన చిక్కు మరొకటి ఉన్నది. కమిషన్ కొలబద్ద రాష్ట్రపు ఎల్ల దగ్గర ఆగిపోతుంది. కోనసీమ కొబ్బరితోటకూ, రంపచోడవరం మన్యపు కొండపోడుకూ కలిపి ఒకే సగటు. రాష్ట్రానికి వచ్చిన 7.77 పాళ్ళలో మెట్టకు ఎంత, మన్యానికి ఎంత అని అడిగే అధికారం ఢిల్లీ కమిషన్‌కు లేదు. ఆ పంపకం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనిది. జిల్లా పరిషత్తులకు, పంచాయతీలకు వాటా నిర్ణయించే రాష్ట్రస్థాయి కమిషన్లు రాజ్యాంగంలోకి రావడానికి 1993 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

రాజమన్నారుకు అంతకంటె పెద్ద అసంతృప్తి వేరొకటి ఉన్నది. నివేదికకు ఆయన తన పేరిట ఒక ప్రత్యేక లేఖనాన్ని జతపరిచారు. రాజ్యాంగం ఫైనాన్సు కమిషన్‌కు ఒప్పజెప్పిన పని ఒకటి. వాస్తవంలో దానికి మిగిలినది మరొకటి. పంచవర్ష ప్రణాళికల పేరిట రాష్ట్రాలకు పోయే పెద్ద పెద్ద మొత్తాలను నిర్ణయించేది ప్రణాళికా సంఘం. ఆ సంఘం రాజ్యాంగంలో లేదు, ఏ శాసనం వల్లా పుట్టలేదు. 1950లో కేంద్ర ప్రభుత్వ తీర్మానంతో వచ్చింది. ఒకే రాష్ట్రపు ఖజానాను ఇద్దరు వైద్యులు వేర్వేరుగా నాడి చూసి మందులు వ్రాస్తున్నట్లు ఉన్నది వ్యవహారం. ఎవరి పని ఎంతవరకో హద్దు గీయాలని, ప్రణాళికా సంఘాన్ని ప్రభుత్వానికి లొంగని చట్టబద్ధ సంస్థగా చేయాలని ఆయన అభిప్రాయపడ్డారు. కమిషన్ సిఫారసులను ప్రభుత్వం ఆమోదించింది. అధ్యక్షుని ఈ అభిప్రాయం మాత్రం కాగితం మీదనే ఉండిపోయింది.

అయితే ఆ ఆలోచన ఆయనను వదలలేదు. 1969 సెప్టెంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి ప్రభుత్వం కేంద్ర రాష్ట్ర సంబంధాలను పరిశీలించడానికి ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించి, దానికి రాజమన్నారును అధ్యక్షులుగా చేసింది. తక్కిన ఇద్దరు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి ముదలియార్, జస్టిస్ పి. చంద్రారెడ్డి. చంద్రారెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, తరువాత మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. లక్ష్మణస్వామి ముదలియార్ కర్నూలులో పుట్టినవారు. తమిళనాడు స్వాధికార నినాదానికి పునాదిగా చరిత్రలో నిలిచిన నివేదికను వ్రాసిన ముగ్గురికీ ఏదో విధంగా తెలుగునేలతో సంబంధం ఉండటం చిత్రమే.

1971 మేలో సమర్పించిన ఆ నివేదికలో రాజకీయంగా సంచలనం కలిగించినవి రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణాన్ని, అఖిలభారత సర్వీసులను తొలగించాలన్న సూచనలు. వాటి హోరులో పన్నుల విషయం మరుగున పడింది. పంపకాల చరిత్రలో చూస్తే అదే ముఖ్యం. 1959లో చేసిన ఒక చట్ట సవరణవల్ల కంపెనీలు చెల్లించే ఆదాయపు పన్ను కార్పొరేషన్ పన్నుగా మారి పంపకంలోనుండి జారిపోయింది. పరిశ్రమలు పెరిగే కొద్దీ పెరిగే పన్ను అదే. రాష్ట్రాల పాలు 55 నుండి 75కు పెరిగిందన్న సంతోషంలో, పంచుకొనే కుండ అడుగున చిల్లు పడిన సంగతి చాలామందికి పట్టలేదు. కార్పొరేషన్ పన్ను, కస్టమ్సు, ఎగుమతి సుంకాలు కూడా పంపకంలోకి తేవాలని, ఫైనాన్సు కమిషన్ శాశ్వతంగా ఉండాలని, రాష్ట్రాల మధ్య ఒక మండలిని ఏర్పరచాలని రాజమన్నారు సంఘం సూచించింది. 1974 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ ఈ విషయమై తీర్మానం చేసింది. కేంద్రం అంగీకరించలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కేంద్రం చేతిలోనుండి రాష్ట్రాలకు ఎక్కువ రావాలని వాదించడం సులువు. అన్ని రాష్ట్రాలూ కలిసి చేయగల వాదమది. వచ్చినదానిని ధనిక రాష్ట్రం కొంత వదులుకొని పేదరాష్ట్రానికి ఇవ్వాలనడం కష్టం. అక్కడ రాష్ట్రాలే ఒకదానికొకటి ఎదురుపక్షం. 1971 నాటి నివేదికలో మొదటి వాదం వినిపించినంత గట్టిగా రెండవది వినిపించదు. 1965 నాటి నివేదికలో రెండవ వాదానికే ఆయన ఏడు గుర్తులు పెట్టి చోటు కల్పించారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆయన ఆలోచన పూర్తిగా తెలుస్తుంది.

రాజమన్నారు 1979 అక్టోబరు 1న కన్నుమూశారు. కోకా సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయి, 1976లోనే మరణించారు. రాష్ట్రాల మధ్య మండలి 1990లో ఏర్పడింది. కార్పొరేషన్ పన్నుతో సహా కేంద్రం వసూలుచేసే పన్నులన్నీ, సెస్సులు సర్‌చార్జీలు మినహా, రాష్ట్రాలతో పంచుకోవాలని 2000లో 80వ రాజ్యాంగ సవరణ శాసించింది. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. గ్రాంటులు పంచే అధికారం దానికి లేదు. సెస్సులు, సర్‌చార్జీలు పంపకానికి బయట ఉండటంతో కుండ అడుగు చిల్లు వేరొక చోట తెరుచుకొన్నది. పదునైదవ ఫైనాన్సు కమిషన్ 2011 జనాభా లెక్కలను తీసుకొన్నప్పుడు, కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాది రాష్ట్రాలు తమకు శిక్ష పడిందని వాదించగా, ఉత్తరాది పేదరాష్ట్రాలు మనిషికొక పాలు అన్నదే ధర్మమని వాదించాయి. ఆ కమిషన్ ఇచ్చిన వాటాలో ఆంధ్రప్రదేశ్‌కు నూటికి 4.047, తెలంగాణకు 2.102; రెండూ కలిపినా 1965లో ఉమ్మడి రాష్ట్రానికి ఎక్సయిజులో వచ్చిన 7.77కు చాలా దిగువ. ఒకనాడు మెస్టన్ ముందు బొంబాయి చేసిన ఫిర్యాదును ఇప్పుడు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు చేస్తున్నాయి. ఒకనాడు ఒరిస్సా నిలిచిన చోట ఇప్పటికీ బీహారు నిలిచి ఉన్నది.